నాలుగో మెట్టు

మా బావ సమ్మయ్య తన పనిలో ఏ నిర్ణయమూ సొంతంగా తీసుకోడని నేను మూడు పేజీలు రాశాను. ఎంత చక్కగా రాశానంటే, కంపెనీ వకీలు ఒక్క కామా కూడా మార్చలేదు. ఇరవై ఆరేళ్లు కాజీపేట సెక్షన్‌లో సిగ్నళ్లు బాగుచేసిన మనిషి గురించి, ఆయన పెళ్లిలో ఆయన చెప్పులు దాచిన మరదలిని, నేను రాసిన రాత అది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో తల ఎత్తలేను. ఆ రోజు మాత్రం ఎంతో తెలివైన పని చేశాననుకున్నాను.

సంగతి మొదటినుంచి చెప్పాలి. అమెరికా నడిమధ్యన, గోధుమ చేలు తప్ప ఇంకేమీ కనబడని చోట వెల్బర్న్ అని ఒక ఊరు. అక్కడ రైల్వే సిగ్నళ్ల కంపెనీ ఒకటి ఉంది. దాని ప్రయోగశాలలో నా ఉద్యోగం. నేను చేసింది ఒక పట్టీ. నుదుటికీ గొంతుకీ కట్టుకోవాలి. మనిషి పైకి అనకుండా లోలోపల అనుకునే మాటకు కూడా గొంతు కండరం పిసరంత కదులుతుంది. నా పట్టీ ఆ కదలికను పట్టుకుని మాటగా మారుస్తుంది. పని తెలిసినవాడికి కట్టి ఏడాది తిప్పితే అతని ఆలోచన నేర్చుకుంటుంది. ఆ తర్వాత పని తెలియనివాడికి కడితే, ఏం చేయాలో అతని చెవిలో చెబుతుంది. దానికి ‘తోడు’ అని పేరు పెట్టింది కూడా నేనే.

తెలుగులో ఆలోచించే నిపుణుడు దొరికితే ఏ మాటకు ఏ అర్థమో యంత్రానికి చెప్పే మాటల పట్టిక నేనే రాసుకోవచ్చు కదా అని బావ పేరు చెప్పాను. కంపెనీ వీసా తెప్పించింది. అక్క సులోచన, వాళ్ల కూతురు స్రవంతి, బావ ముగ్గురూ వచ్చి నా ఇంటికి రెండు వీధుల అవతల దిగారు. మొదటి రోజు పట్టీ కడుతుంటే బావ అద్దంలో చూసుకుని, "ఎడ్లకు కట్టినట్టు కట్టినవ్ గద పిల్లా. ముకుతాడు ఎప్పుడేస్తవ్?" అన్నాడు. నేను నవ్వి ముడి బిగించాను.

పద్నాలుగు నెలలు తిరిగాడు. ఎండలో తిరిగాడు, మోకాలి లోతు మంచులో తిరిగాడు. ఎనిమిదో నెలనుంచి తోడు తనంతట తాను సలహాలు చెప్పడం మొదలుపెట్టింది. గొంతు కూడా బావదే పెట్టాను, అలవాటైన గొంతయితే బాగుంటుందని. ఇక్కడివాళ్లకు అదే గొంతు ఇంగ్లీషులో వినిపిస్తుంది. బావ చెవిలో బావే మాట్లాడుతుంటే ఆయన మొహం చూడాలి. "గీడెవడో నాకంటే ఎక్కువ మాట్లాడుతుండు" అని విసుక్కునేవాడు.

బావ వీసా గడువు దగ్గరపడింది. మా మేనేజరు కార్వర్ నన్ను గదిలోకి పిలిచాడు.

బయటి దేశం నుంచి మనిషిని తెచ్చుకుంటే, ఆ ప్రాంతంలో ఆ పనికి నడుస్తున్న జీతం తగ్గకుండా ఇవ్వాలని ఇక్కడ చట్టం. లేకపోతే చవకగా వచ్చేవాళ్లను తెచ్చి స్థానికుల పొట్ట కొడతారు. న్యాయమైన చట్టమే. ఆ జీతానికి నాలుగు మెట్లున్నాయి. పక్కనుండి ఒకరు చెబితే చేసేవాడిది మొదటి మెట్టు. తనే చూసి, తనే ఆలోచించి, తనే తేల్చేవాడిది నాలుగో మెట్టు. బావను నాలుగో మెట్టు మీద తెచ్చారు.

"ఇప్పుడు తేల్చేది మీ బావ కాదు, తోడు. ఆయన విని చేస్తున్నాడు, అంతే. అది మొదటి మెట్టు పని" అన్నాడు కార్వర్. నా చిట్టానే నా ముందు పెట్టాడు. ఏడు నెలల్లో తోడు చెప్పిన సలహాలు నలభై ఒకటి. బావ సమ్మతి నలభై ఒకటి. నిరాకరణ సున్నా. "ఒక్కసారి కూడా కాదనలేదు, చూశావా?"

చూశాను. నా యంత్రం అంత బాగా నేర్చుకుందని నేను లోపల పొంగిపోయాను కూడా.

"మొదటి మెట్టు మీదైతే రేపే కాగితాలు పంపిస్తాం. అదే మెట్టు మీద ఇంకో పదిమందిని తెస్తాం. నాలుగో మెట్టే కావాలంటే మాకు అవసరం లేదు. అరవై రోజుల్లో ఇల్లు సర్దుకోవచ్చు" అని తేల్చేశాడు.

ఆ మధ్యాహ్నమే ఆ మూడు పేజీలు రాశాను. సాయంత్రం వాటితో అక్క వాళ్ల వంటింట్లో కూర్చుని చెప్పాను. అక్క జొన్నరొట్టె తడుతోంది. బావ కాగితాన్ని కళ్లకు దూరంగా పట్టుకుని చదివాడు.

"జీతం తగ్గుతదంటే తగ్గనీ. నాకేం తెల్వదని రాసుడేంది?" అన్నాడు.

"కాగితం మీదే బావా. పనిలో నువ్వు నువ్వే."

"గిదేంది మరి? ‘యంత్రం చెప్పనిదే దేన్నీ ముట్టరాదు’ అని ఉన్నది. కండ్ల ముంగట తప్పు కనబడితే?"

"యంత్రానికీ కనబడుతుంది. అది నేర్చుకుంది నీ దగ్గరే కదా?"

అక్క పెనం మీద రొట్టె తిరగేసి మా వైపు తిరిగింది. "స్రవంతి చదువు ఇంకొక్క యేడున్నది. నడిమిట్ల ఏ బడిల ఏస్తవ్ దాన్ని? నువ్వు పంతానికి పోతే పిల్ల ఆగమైతది. సంతకం పెట్టు."

"నువ్వు గూడ గట్లనే అంటవా?"

"గట్లనే అంట. నీ తెలివి ఎంతనో నాకు తెల్వదా? ఆ కాగితం చెప్పాల్నా నాకు?"

బావ కాగితాన్ని ఇంకోసారి మొదటినుంచి చదివాడు. తర్వాత నా దగ్గర కలం తీసుకుని సంతకం పెట్టాడు. పెట్టాక రొట్టె తినలేదు. ఆకలి లేదన్నాడు. నాకు బాధగానే అనిపించింది కానీ, గండం గడిచిందనే సంతోషం దాన్ని మించిపోయింది.

ఈ కాగితం మీద అభ్యంతరం చెప్పింది స్థానిక కార్మికుల సంఘం. ఇదే పనికి మొదటి మెట్టు జీతం చాలని ఒప్పుకుంటే, రేపు మా జీతాలకూ అదే గతి పడుతుందని కార్మిక శాఖకు రాశారు. కళ్లతో చూసి తేలుస్తామని శాఖవాళ్లు ఒక ఆఫీసరును పంపారు. ఆమె చూసేటట్టుగా కార్వర్ ఒక పరీక్ష ఏర్పాటు చేశాడు.

ఫిబ్రవరి నెల, ఉదయం పది గంటలు. సున్నాకు ఇరవై డిగ్రీల కింద చలి. ఊరికి ఆరు మైళ్ల దూరంలో పద్దెనిమిదో సిగ్నల్ తెల్లవారుజామునుంచి ఊరికే ఎర్రగా నిలిచిపోయింది. దానికి అవతల పట్టాల మీద రైలు లేదు, అయినా ఎరుపు. ఇంతకంటే మంచి పరీక్ష దొరకదని కార్వర్ మమ్మల్నందరినీ అక్కడికే తీసుకెళ్లాడు.

పరీక్షలో పట్టీ కట్టుకుంది డెనీస్. ఆ ఊరి పిల్లే. ఇంజన్లు రిపేరు చేసే షెడ్డులో పదేళ్లు పనిచేసింది. సిగ్నళ్ల పనికి మాత్రం కొత్త. ఈ మధ్య బావతో తిరిగి పని నేర్చుకుంటోంది. ఆయనంటే గౌరవం. "నమస్తే సమ్మయ్యా" అని వచ్చీరాని తెలుగులో పలకరించేది. బావకూ ఒక పట్టీ కట్టాం. ఇద్దరికీ ఒకే సలహా వినబడుతుంది. కానీ ఆయన చేతులు జేబుల్లో పెట్టుకుని పది గజాల వెనక నిలబడాలి. ఆయన నోరు విప్పినా, చెయ్యి కదిపినా, ఆయన బుర్ర అవసరమైందని ఆఫీసరు రాసుకుంటుంది. అంటే నాలుగో మెట్టు. అంటే అరవై రోజులు.

సిగ్నల్ ఎలా పనిచేస్తుందో బావే నాకు ఒకసారి చెప్పాడు. పట్టాల్లో సన్నగా కరెంటు పారుతూ ఉంటుంది. అది చివరిదాకా పారి, సిగ్నల్ పక్క పెట్టెలోని రిలే అనే మీటకు చేరితే దారి ఖాళీ అని పచ్చ. రైలు చక్రాలు మధ్యలో ఎక్కితే కరెంటు చివరిదాకా చేరదు, వెంటనే ఎరుపు. రెండు పట్టాల అతుకు దగ్గర కరెంటును దాటించే బాండ్ తీగ చలికి తెగినా అంతే. కరెంటు ఆగుతుంది, రైలు లేకపోయినా ఎరుపే. అప్పుడు పట్టాల వెంట నడుచుకుంటూ పోయి ఆ తెగిన తీగను వెతికి పట్టుకోవాలి.

నా ల్యాప్‌టాప్ మీద తోడు సలహా కనబడింది. "పెట్టె తెరువు. రిలేకు జంపర్ తీగ వెయ్యి."

డెనీస్ పెట్టె తాళం తీసి లోపలికి వంగింది. ఆమె వీపే మాకు కనబడుతోంది. బావ గొంతు లోపల ఏదో అనుకున్నాడు. తెర మీద ‘సమ్మతి’ అని పడింది. రెండు నిమిషాల్లో సిగ్నల్ పచ్చబడింది. కార్వర్ చేతి తొడుగులతోనే చప్పట్లు కొట్టాడు.

బావ మొహం మారింది. "గప్పుడే ఎట్లయిందే? పట్టాల మీద నడవనేలేదు గద" అన్నాడు నాతో, మెల్లగా.

కార్వర్ చప్పున తిరిగి చూశాడు. ఆఫీసరు కలం పైకి లేచింది. నేను బావ వైపు కళ్లెర్రజేసి, మాట్లాడొద్దని తల అడ్డంగా ఊపాను. ఆ తల ఊపడం గుర్తొస్తే ఈ రోజుకీ నాకు నిద్ర పట్టదు.

బావ జేబుల్లోంచి తీయబోయిన చేతులు మళ్లీ లోపల పెట్టుకున్నాడు.

ఎరుపు చూసి సిగ్నల్‌కు ఇవతల ఆగి ఉన్న గోధుమల గూడ్సుకు దారి దొరికింది. అది మా ముందునుంచి డబ్బా తర్వాత డబ్బాగా మెల్లగా పోయింది. మైలు అవతల వంపు తిరిగాక యార్డు గేటు వస్తుంది. అక్కడ పిలిచేదాకా అది ఆగి ఉండాలి. చివరి డబ్బా మమ్మల్ని దాటిపోయింది. ఇంజను దాటిన క్షణంలోనే ఎర్రబడాల్సిన సిగ్నల్, చివరి డబ్బా పోయాక కూడా పచ్చగానే ఉంది.

అప్పుడు అర్థమైంది నాకు. జంపర్ వేస్తే కరెంటు పట్టాల మీదినుంచి రానక్కర్లేదు. అడ్డదారిన రిలేకు వస్తుంది. ఇక రైలున్నా పచ్చే, లేకున్నా పచ్చే. గూడ్సు వెనకాల పది నిమిషాల్లో పాసింజరు రావాలి. దాని డ్రైవరుకు పచ్చ కనబడుతుంది. వంపు తిరిగేదాకా గూడ్సు కనబడదు.

"బావా!" అని అరిచాను. నా అరుపు కోసం ఆయన ఆగలేదు. అప్పటికే మంచులో పడుతూ లేస్తూ పరిగెత్తుతున్నాడు. డెనీస్ పెట్టెకు మళ్లీ తాళం వేసేసింది. తాళంచెవి కోసం ఆమె తొడుగులున్న చేత్తో జేబులు తడుముకుంటోంది, దొరకడంలేదు.

నా తెర మీద తోడు మాటలు కదులుతున్నాయి. అవే మాటలు బావ చెవిలో బావ గొంతుతోనే వినబడుతున్నాయి. "పని పూర్తయింది. ముట్టుకోవద్దు. పని పూర్తయింది. ముట్టుకోవద్దు."

"నోర్ముయ్ రా నీ యవ్వ!" అని బావ పట్టీని గొంతునుంచి లాగి మంచులోకి విసిరాడు.

తూర్పున పాసింజరు దీపం చుక్కలాగా కనబడింది. అనుకున్నదానికంటే ముందే వస్తోంది. డెనీస్‌కు తాళంచెవి దొరికింది. అది తొడుగుల చేతిలోంచి జారి మంచులో పడింది. బావ తన తొడుగులు పీకేసి, మంచులో వేళ్లతో వెతికి చెవి తీశాడు. గడ్డకట్టిన ఇనుప తలుపును వట్టి చేత్తోనే లాగాడు. లోపల చెయ్యి పెట్టి తీగ పీకేశాడు.

సిగ్నల్ ఎర్రబడింది.

కీచుమన్న బ్రేకుల శబ్దం మైలు పొడుగునా సాగింది. పాసింజరు సిగ్నల్‌ను దాటి, మమ్మల్ని దాటి, వంపు మొదట్లో ఆగింది. కిటికీల్లోంచి జనం బయటికి చూస్తున్నారు. ఒక ముసలాయన మాకు చెయ్యి ఊపాడు, ఎందుకు ఆగిందో తెలియక.

డెనీస్ మంచులో కూలబడింది. "ఆయన గొంతుతోనే చెప్పింది. ఆయన చెబితే తప్పేముంటుందిలే అనుకున్నాను" అని అదే మాట మళ్లీ మళ్లీ అంటోంది. బావ అరచేతి తోలు ఇనుపతలుపుకే అంటుకుని ఊడొచ్చింది. ఆయన ఆ చేత్తోనే డెనీస్ భుజం తట్టబోయి, రక్తం చూసి ఆగిపోయాడు.

ఆఫీసరు మమ్మల్నందరినీ కంపెనీ వ్యానులో కూర్చోబెట్టింది. చిట్టా చదవమని నాకు చెప్పింది.

చదివాను. "సలహా: జంపర్ వెయ్యి. డెనీస్: సమ్మతి. సమ్మయ్య: సమ్మతి."

బావకు ఇంగ్లీషు మాటలు ఆ మాత్రం తెలుసు. రుమాలు చుట్టుకున్న చేతిని ఒళ్లో పెట్టుకున్నవాడు చటుక్కున లేచాడు. వ్యాను కప్పు తలకు తగిలింది.

"సమ్మతా? నేనెప్పుడు ఒప్పుకున్న? సరేలే అన్న! ఎన్నడన్న దాని మాట ఇన్ననా నేను?"

నేను తెర మీద మాటల పట్టిక తెరిచాను.

సరే. సరేలే. ఇంట్లో పిల్లలు అడ్డంగా వాదిస్తుంటే, పొరుగాయన తెలియని విషయంలో తెలివి చూపిస్తుంటే మనం అనే మాట. సరేలే, చెప్పింది చాల్లే, నా పని నన్ను చేసుకోనీ అని. పట్టిక రాసేటప్పుడు మూలం ఒకటే కదా, పని తగ్గుతుంది కదా అని రెండు మాటలనూ ఒకే గడిలో పడేశాను. సమ్మతి గడిలో. కన్నతల్లి నేర్పిన మాటను నేను అలా చదివాను.

తోడుకు చేతులు కనబడవు. మాట వినబడుతుంది, చివరికి సిగ్నల్ బాగైందా లేదా తెలుస్తుంది. జంపర్ వెయ్యి అని అది అనేది. బావ సరేలే అనుకుని, ఆ తర్వాత లోపల ఒక్క మాటా లేకుండా, కూనిరాగం తీసుకుంటూ మైళ్లు నడిచి తెగిన తీగ అతికేవాడు. సిగ్నల్ బాగయ్యేది. చూశావా, నా జంపర్‌తోనే బాగైంది అని అది నేర్చుకునేది. నలభై ఒక్కసార్లు ఆయన కాదన్నాడు. నలభై ఒక్కసార్లు నేను ఔనని రాసిపెట్టాను.

"ఏమంటున్నాడు ఆయన? ఆ మాటకు అర్థం ఏమిటి?" అని ఆఫీసరు నన్ను అడిగింది.

ఆ వ్యానులో తెలుగు వచ్చినవాళ్లం ఇద్దరమే. కార్వర్ నా వైపు వంగి, ఆఫీసరుకు వినబడకుండా నెమ్మదిగా అన్నాడు. "సరే అంటే ఒప్పుకున్నట్టేగా? నువ్వే పట్టికలో రాశావు. యంత్రం చెప్పింది, ఆయనా ఒప్పుకున్నాడు, ఈ అమ్మాయి తీగ తప్పుగా వేసింది. అంతే జరిగింది. ఆయన కాగితాలు రేపు పొద్దున్నే పంపించేస్తాను."

నా పక్కనే ఉన్న డెనీస్ తల వంచుకుని వింటోంది. తన ఉద్యోగం పోతుందని ఆమెకు తెలుస్తూనే ఉంది. నాకు అక్క మొహం కళ్లముందు కనబడింది. స్రవంతి బడిసంచీ కనబడింది. ఒక్క మాట చాలు. ఆ మాట అబద్ధం కూడా కాదు, ఏ నిఘంటువు తెరిచినా సరే అంటే సరే అనే ఉంటుంది. ఆ మాటతో ఇంకో పదిమంది ఇదే పట్టీ కట్టుకుని, బావ గొంతు నమ్మి, ఊరూరా పెట్టెలు తెరుస్తారు.

బావ నన్ను చూశాడు. బతిమాలలేదు, బెదిరించలేదు. "ఏది ఉన్నదో గదే చెప్పు ప్రసూనా" అన్నాడు.

"ఆ మాటకు అర్థం ఒప్పుకోవడం కాదు" అన్నాను ఆఫీసరుతో. "నీకు తెలియదు, నేను చూసుకుంటాను అని. ఏడు నెలలనుంచీ ఆయన ఆ యంత్రం మాట ఒక్కటీ వినలేదు. ప్రతి నిర్ణయం ఆయనదే. తప్పు డెనీస్‌ది కాదు. పట్టిక రాసింది నేను. తప్పు నాది."

ఆమె రాసుకుంది. మెల్లగా, ఒక్కో అక్షరం నొక్కి రాసింది. రాసి, బావ ఉద్యోగానికి తగిన మెట్టు నాలుగు అని పైకి చదివింది. కార్వర్ తలుపు తెరుచుకుని దిగుతూ, "అయితే మా దరఖాస్తు ఇవాళే వెనక్కి తీసుకుంటున్నాం" అన్నాడు. తోడు పట్టీలన్నీ సీలు వేసి తీసుకుపోయారు. నా గది తాళాలు కూడా అడిగారు, ఇచ్చేశాను.

బావను నేనే కారులో ఇంటికి తీసుకొచ్చాను. తలుపు తీసిన అక్క ముందు నా మొహం చూసింది.

"ఏమైంది?"

"నాలుగో మెట్టు" అన్నాడు బావ.

అక్క మొహం వెలిగిపోయింది. "నేనన్న గద! ఎవరన్న కండ్లు పెట్టి చూస్తే తెలుస్తది గద నీ పని! అయితే ఉంటం గద మనం?"

బావ బూట్లు విప్పుకుంటూ తల ఎత్తలేదు. నేనే చెప్పాల్సి వచ్చింది. అంతా చెప్పాను. సరేలే సంగతి, గూడ్సు సంగతి, పాసింజరు కిటికీల్లో జనం సంగతి, కార్వర్ ఏం చెప్పమన్నాడో, నేనేం చెప్పానో. అక్క నిలబడే వింది.

"వాడు చెప్పమన్నట్టు చెప్తే ఉంటుంటిమా?"

"ఉండేవాళ్లం అక్కా."

ఆమె బావ చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. రుమాలు విప్పి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గోరువెచ్చటి నీళ్లు తెచ్చి కడిగింది, మందు రాసింది, తెల్లటి బట్ట చుట్టింది. చుట్టేటప్పుడు కన్నీళ్లు ఆ బట్ట మీదే పడుతున్నాయి. తుడుచుకోలేదు. ముడి వేయడం అయ్యాక, నా వైపు తిరగకుండానే అంది.

"నువ్వు చేసింది మంచి పనే ప్రసూనా. కాదనను. రేపు రా, అన్నం పెడుత. ఇయ్యాల మాత్రం నా ఇంట్ల కూసోకు."

నేను బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాను.